బాపు క్యాసెట్టూ, నేను ఎంచిన ఆంప్లిఫయరూ

ఆ రోజుల్లో ప్రపంచంలో వినపడని మాటంటూ ఏదీ ఉండదనీ, ఉంటే అది వాట్లు చాలకపోవడం వల్లేననీ నేను గట్టిగా నమ్మేవాణ్ని. వయసు ఇరవై మూడు. ఆసిఫాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు ఆడియో పత్రికలు సగం అర్థమై సగం కాక చదివి, ఆ సగం జ్ఞానాన్ని పూర్తి ధైర్యంతో అందరికీ పంచేవాణ్ని. చాయ్ హోటల్లో ఎవరైనా పాట బాగుందంటే చాలు, "స్పీకర్ ఎన్ని ఓమ్‌లది?" అని అడిగేవాణ్ని. (పాపం, వాళ్లు ఆ పాట ఎవరు పాడారని మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు.) సొంతూరు చెన్నూరులో మా వాడకట్టు, అంటే మా వీధంతా, నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "వాట్ల పిలగాడు" అనేది. అందులో వెక్కిరింత ఉందని పెళ్లయ్యాక మా ఆవిడ చెబితే గానీ నాకు తెలియలేదు. ఇంట్లోకి ఏ ఆంప్లిఫయర్ కొనాలని నన్నడిగి చెడిపోయినవాళ్లు ఇప్పటికి చాలామందే ఉన్నారు. కానీ నేను మొట్టమొదట ఎంచిన ఆంప్లిఫయర్ పాటల కోసం కాదు. చనిపోయిన మనిషి గుసగుసగా అన్న ఒక్క మాట కోసం.

మా బాపు, అంటే మా నాన్న, మస్కట్‌లో కట్టడాల పని చేసేవాడు. అప్పట్లో మా దిక్కు గల్ఫ్ ఇళ్లల్లో ఉత్తరమంటే కాగితం కాదు, క్యాసెట్టు. సెలవు మీద వచ్చే మనిషి సంచిలో అది వచ్చేది. బాపు కొనిచ్చిన టూ ఇన్ వన్‌ను (రేడియో, టేపు రికార్డర్ కలిసినది) మంచం మీద పెట్టి, ఇంటిల్లిపాదీ, ఇంటివాళ్లతో పాటు సగం వాడకట్టూ చుట్టూ కూర్చునేవాళ్లం. బాపు వరుసబెట్టి పలకరించేవాడు: అవ్వా, మోకాళ్ల నొప్పి ఎట్లున్నది, వదినె, బర్రె ఈనిందా, అయ్యగారికి వందనాలు చెప్పుండ్రి, పోరడు సదువుతుండా. అందరూ అయ్యాక చివరికి మా అవ్వ వంతు, అంటే మా అమ్మది. అవతల గదిలో ఎనిమిదిమంది మగవాళ్లు, ఇవతల ఇంటినిండా జనం. పెండ్లాంతో ఏం మాట్లాడగలడు? "ఇగ, పైలం" అనేవాడు, జాగ్రత్త అని. అంతే, టక్కుమని ఆగిపోయేది.

నాకు పన్నెండేళ్లప్పుడు, బాపు రాత్రి పండుకొని పొద్దున లేవలేదని కబురొచ్చింది. పెట్టె ఊరు చేరడానికి చాలా రోజులు పట్టింది. మిషను సమాధుల తోటలో పెట్టి వచ్చాం. ఆ తర్వాతి వారం, ఎండ దంచుతున్న మధ్యాహ్నం పూట, పక్క ఊరి మనిషి ఒకడు మా గుమ్మంలో నిలబడి, "అన్న పంపిండు" అని మా బాపమ్మ చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడు. బాపమ్మ అంటే మా బాపు తల్లి. ఆ మనిషి, బాపు పోకముందే బయల్దేరి, బొంబాయిలో జ్వరంతో పడిపోయి, అప్పుడే ఇల్లు చేరాడట. అతనికి సంగతి తెలియదు. "అన్న మంచిగున్నడు, కిస్మస్‌కు వస్తనన్నడు" అని నవ్వుతూ చెప్పి వెళ్లిపోయాడు. మనిషి ముందొచ్చాడు, మాట వెనకొచ్చింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో, మట్టి కప్పి వారం కాని మనిషి అందర్నీ వరుసపెట్టి ఎలా ఉన్నారని అడిగాడు. చివరికి అవ్వ వంతు వచ్చింది. "ఇగ" అన్నాడు, ఆగాడు, మూతి మైకు దగ్గరికి తెచ్చాడు. ఊపిరి తగిలే చప్పుడు. దాని లోపల ఏదో ఒక మాట. తర్వాత టక్కు.

ఆ మాట ఏమిటో ఎవరికీ అంతు చిక్కలేదు. మా పెద్దవ్వ (బాపుకు వదినె, పక్కిల్లే) చెవి ఆనించి విని, "బర్రెను అమ్మకుండ్రి అన్నడు" అంది. చర్చి అయ్యగారు విని, అది కీర్తనల గ్రంథంలోని వచనమన్నారు. నాకైతే "పోరనికి సైకిలు కొనియ్యుండ్రి" అన్నట్టు స్పష్టంగా వినిపించింది. (సిగ్గుపడుతూనే రాస్తున్నాను.) అవ్వకు మాత్రం ఏమీ వినిపించలేదు. బాపమ్మ కూడా పోయిన తర్వాత, ఏటా బాపు పోయిన రోజున ఆ క్యాసెట్టు పెట్టుకుని, చివరికి రాగానే స్పీకర్ జాలీకి చెంప ఆనించి కూర్చునేది. లేచాక చెంప మీద జాలీ గళ్లు అచ్చుపడి ఉండేవి. "నాతోటి ఏమో చెప్పిండు కొడుకా. గదేందో తెల్వకుంటనే సస్తనేమో" అనేది. ఏడుస్తూ కాదు, పప్పు అయిపోయింది అన్నట్టు మామూలుగా. అలా అనడమే నాకు ఎక్కువ గుచ్చుకునేది. ఉద్యోగం రాగానే, "అవ్వా, మంచి ఆంప్లిఫయర్ తెస్త. బాపు నీ పక్కన కూసోని మాట్లాడినట్టే ఇనబడ్తది" అన్నాను. అవ్వ నా వైపు కొంచెంసేపు చూసి, "పక్కన కూసునుడు వద్దు గని, మాట ఇనబడితే సాలు" అంది.

కరీంనగర్ వెళ్లాను. క్యాసెట్టు మీది సన్నటి గొంతును అందుకునే భాగం ఒకటి, దాన్ని బలంగా స్పీకర్ల దాకా తోసే భాగం ఒకటి. రెండూ ఒకే డబ్బాలో ఉంటే దాన్ని ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ అంటారు. ఈ వాక్యాన్ని నేను టవర్ దగ్గరి పెద్ద దుకాణంలో, ఎవరూ అడగకుండానే, అక్కడి సేల్స్‌మన్‌కు చెప్పాను. అతను ఓపికగా విని, ముందంతా ఎర్రవీ పచ్చవీ దీపాలు ఎగిరే డబ్బా ఒకటి చూపించాడు. "వెయ్యి వాట్లు సార్. గోడలు అదురుతయ్." నా గుండె అక్కడే అదిరింది, అంత నచ్చింది. క్యాసెట్టు ఇచ్చాను. గుమ్మని ఒక మోత లేచింది, దాని అడుగునుంచి మా బాపు గోలెంలో తల పెట్టి మాట్లాడినట్టు మాట్లాడాడు. గీర, అదే నాబ్, తిప్పి పదును పెంచితే గొంతు మీద ఇసుక పోసినట్టయింది. చివరి మాట దగ్గర గాలి తప్ప ఏమీ లేదు. సేల్స్‌మన్ తల ఊపుతూ, "డైలాగ్ క్యాసెట్టా సార్? ఎవలు చెప్పిన్లు?" అన్నాడు. "మా బాపు." "అచ్చా, నాటకాలు ఆడ్తరా?" "లేడు. చచ్చిపోయిండు." అతను గీర మీద నుంచి చెయ్యి తీసేశాడు. తర్వాత చాలా మర్యాదగా, పాత బస్టాండు వెనక గల్లీలో ఖామోష్ చాచా ఉంటాడు, ఇలాంటివి ఆయన దగ్గరే చూపించుకోవాలి అని దారి చెప్పి, నన్ను గడప దాకా సాగనంపాడు.

ఖామోష్ అంటే ఉర్దూలో నోరెత్తనివాడని, అది ఆయన అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. తెల్లగడ్డం, కళ్లద్దాలకు ఒక పక్క దారం. పాత మిషన్లు బాగుచేసి అమ్మేవాడు. నేను ఓమ్‌లూ వాట్లూ అంటూ మొదలుపెడితే, చెయ్యెత్తి ఆపాడు. ఏ మిషన్‌నైనా ఆయన పాట పెట్టి చూసేవాడు కాదు. దేనికీ తగిలించకుండా, గీర మొత్తం పైకి తిప్పి, కళ్లు మూసుకుని స్పీకర్ ముందు కూర్చునేవాడు. "ఖాళీగ ఉన్నప్పుడు మిషన్ ఎంత ఊకుంటదో చూడాలె బేటా. ఊకె వాగేటోని దగ్గర ఇంకొకల మాట ఇనబడదు" అన్నాడు. నా వైపు చూసే అన్నాడు.

బల్ల మీద మూడు మిషన్లున్నాయి. ఒకదానికి ముందంతా గీరలే. ఇంకొకటి ఎవరో దుబాయ్‌నుంచి మోసుకొచ్చి అమ్ముకున్నది, వెండిరంగు, రిమోట్ కూడా ఉంది. మూడోది బూడిదరంగు ఇనప డబ్బా, మోయలేనంత బరువు, చప్పుడు పెంచడానికి ఒక్కటే గీర. మొదటి రెండింటి మీదే నా కళ్లు. చాచా నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు. మొదటిదాంట్లోంచి సర్రుమని సన్నటి వాన. రెండోదాంట్లో దోమ. మూడోదానికి వచ్చేసరికి ఏమీ లేదు. స్విచ్ వేయలేదనుకున్నాను. కొంచెంసేపటికి ఒంటిమీది రోమాలు లేచాయి. నా వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటే ఎలా ఉంటుందో ఆ గదిలో అలా ఉంది. బయట గల్లీలో పట్టపగలు, రిక్షాలు పోతున్నాయి, ఎవడో మామిడిపండ్లు అమ్ముతున్నాడు. "ఇగ పెట్టు నీ క్యాసెట్టు" అన్నాడు చాచా.

బాపు వచ్చాడు. వచ్చాడనే అనాలి, ఇంకో మాట నాకు తోచదు. మాట మొదలుపెట్టే ముందు పెదవి తడుపుకోవడం వినిపించింది. ఆ గదిలో ఫ్యాను ఒక రెక్క వంకరగా తిరుగుతోంది. ఎవరో ఇనప మంచం మీద ఒత్తిగిల్లారు. "అవ్వా, మోకాళ్ల నొప్పి ఎట్లున్నది" అన్నాడు బాపు, జవాబు కోసం ఆగినట్టు ఆగాడు. ఆ ఖాళీలో, చాలా దూరం నుంచి, ఒక ఆడగొంతు "ఊ" అంది.

చాచా కళ్లు తెరిచాడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే చోట, కథ వింటున్నవాళ్లు ఊ కొట్టినట్టు, "ఊ". పగటిపూట అంత చలి నేనెప్పుడూ ఎరగను. "మీ బాపు కమరల ఆడోళ్లుంటుండెనా?" అన్నాడు చాచా మెల్లగా. "లేదు చాచా. ఎనిమిదిమంది మొగోళ్లే." "మరి గీమె ఎవలు?" నాకు తెలిస్తే గదా. గబగబా మిగతా రెండు మిషన్ల మీద పెట్టించాను. వాటిలో ఊ లేదు. వాన ఉంది, దోమ ఉంది. ప్రాణం లేచొచ్చి, గీరలున్నది తీసుకుంటానన్నాను. చాచా కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దాంట్ల సుత ఆమె ఉంటది బేటా. ఇనబడదు, గంతే. నువ్వు ఇనేటందుకు వచ్చినవా, ఇనకుండ ఉండేటందుకు వచ్చినవా? జర సోంచాయించు" అన్నాడు. ఇనప డబ్బా మీద చివరి మాట ఎలా వస్తుందో అక్కడే విని చూడమన్నాడు. నాకు ధైర్యం చాల్లేదు. ఆ మాట ముందు అవ్వే వినాలని పెద్ద త్యాగిలా చెప్పాను. అవ్వ చెంప మీది జాలీ గళ్లు గుర్తొచ్చి, పండ్లు కరుచుకుని ఆ ఇనప డబ్బానే కొన్నాను. (ఇన్నేళ్లుగా అందరికీ, నేను సిగ్నల్ శుభ్రత చూసి దాన్ని ఎంచానని చెబుతూ వస్తున్నాను.)

బస్సులో డబ్బాను పక్క సీట్లో పెట్టి, కండక్టర్ పోట్లాడతాడేమోనని తువ్వాల కప్పాను. బస్సు నిండా జనం నిలబడి ఉన్నారు, ఎందుకో ఆ సీటు ఎవరూ అడగలేదు. కండక్టర్ వచ్చి తువ్వాల వైపు చూసి, "ఇద్దరా?" అన్నాడు. "ఒక్కన్నే" అన్నాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. దయ్యమైతే అది నా బాధ. దయ్యం కాక మామూలు ఆడమనిషి అయితే? పదకొండేళ్లుగా ఒక మాట కోసం కాచుకున్న మనిషికి, మొగుడి గదిలో ఊ కొట్టే ఇంకో ఆడదాన్ని ఇంటికి మోసుకుపోతున్నానా? గోదావరి వంతెన మీద, డబ్బాను కిటికీలోంచి నీళ్లలోకి తోసేస్తే ఎలా ఉంటుందని నిజంగానే ఆలోచించాను. కిటికీకి చువ్వలుండబట్టి సరిపోయింది.

ఇంట్లో మూడు రోజులు డబ్బా విప్పలేదు. వైరు రావాలన్నాను. వైరు నా సంచిలోనే ఉంది. ఆదివారం ఆరాధన అవగానే అవ్వ చర్చి మెట్ల మీదే అయ్యగారిని పిలిచేసింది. మా ఇళ్లల్లో కొత్త వస్తువు వస్తే ప్రార్థన చేయించకుండా వాడరు. మా గ్రైండరుకు కూడా ప్రార్థన జరిగింది. ఇక తప్పించుకునే దారి లేదు. మధ్యాహ్నం, ఎండకు వాడకట్టులో ఒక్క పురుగు తిరగడం లేదు. పెద్దవ్వ వచ్చి కూర్చుంది. అయ్యగారు గడప బయట చెప్పులు విడిచి, బైబిలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. టూ ఇన్ వన్ నుంచి వైరు తీసి ఇనప డబ్బాకు తగిలించాను. పదును తగ్గించి ఆ గొంతును దాచేద్దామంటే, ఈ డబ్బాకు ఆ గీరే లేదు.

బాపు పెదవి తడుపుకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవ్వా, మోకాళ్ల నొప్పి ఎట్లున్నది."

"ఊ."

"ఎవతి గది?" అంది పెద్దవ్వ. అవ్వ ముఖం చూసే ధైర్యం నాకు లేక, ఆపే మీట కోసం చెయ్యి చాపాను. ఒత్తలేకపోయాను. బాపు వదినెనూ బర్రెనూ పలకరిస్తూనే ఉన్నాడు. అయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన మంచి గొంతున్న మనిషి, చర్చిలో మైకు అక్కర్లేదు. కుడిచెయ్యి డబ్బా మీదికి చాపి, "ఓ అపవిత్రాత్మా, నీవు ఎవరవైనను, ఈ ఇంటిని విడిచి వెళ్లుము" అన్నారు.

"ఊ" అంది డబ్బా.

అయ్యగారి చెయ్యి కొంచెం దిగింది. అయినా వదల్లేదు. "మరల ఈ గడప తొక్కకుము. ఆజ్ఞాపించుచున్నాను."

"ఊ."

(ఇంత మాట వినే దయ్యాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.) ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెన్ను జివ్వుమంటుంది. బాపు గొంతు సవరించుకోవడానికి ఆగాడు. ఆ సందులో, చనిపోయి మూడేళ్లయిన మా బాపమ్మ, గోడ అవతల నిలబడి కేకేసినట్టు, "బెల్లం గొట్టిన రాయి లెక్క కూసుంటవేందే, జర గట్టిగ మాట్లాడు" అంది.

పెద్దవ్వ వాకిట్లో తేలింది. ఎలా వెళ్లిందో నేను చూడలేదు, కూర్చున్న చోట లేదు, అంతే. అయ్యగారు నడిచే వెళ్లారు గానీ, చెప్పులు మా గడప దగ్గరే ఉన్నాయి. నేను మీట ఒత్తి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అవ్వ మాత్రం కదల్లేదు. కొంగు నోటి మీద నుంచి జారిపోయింది. మెల్లగా, "గది నేనే" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏంది నువ్వు?"

"ఊ అన్నది నేనే. గీ క్యాసెట్టు మనింట్లకెళ్లి పోయిందే కొడుకా. మీ బాపమ్మ నింపి పంపింది. కొడుకుతోటి అన్ని ఆమెనే మాట్లాడింది. నన్ను సుత మాట్లాడు మాట్లాడు అన్నది గని, ఇంటినిండ మంది, అత్త ముంగట నేనేం మాట్లాడాలె? గిచ్చినప్పుడల్ల ఊ అన్న. మూడుసార్లు."

అప్పుడు తట్టింది ఈ ఆడియో పండితుడికి. మా దిక్కు రివాజే అది. వచ్చిన క్యాసెట్టు దాచుకునేవాళ్లు కాదు. విన్నాక దాని మీదే జవాబు నింపి, వెళ్లే మనిషి చేతికిచ్చేవాళ్లు. అటునుంచి మళ్లీ దాని మీదే జవాబు. టేపు రికార్డర్‌లో పాత గొంతును చెరిపే ముక్క ఒకటుంటుంది. మస్కట్ దుమ్ముకు బాపు మిషన్‌లో అది మురికి పట్టి, పాతది పూర్తిగా చెరగలేదు. ఆయన మాటల అడుగున మా ఇల్లు సన్నగా మిగిలిపోయింది. వేరే మిషన్ల వానలో, దోమలో అది మునిగిపోయింది. ఊకున్న మిషన్‌లో పైకి తేలింది. ఇదంతా అవ్వకు చెప్పబోయాను. అవ్వ వినడం లేదు. "ఇగ ఆఖరిది పెట్టు" అంది. నేను చివరికి తిప్పి, గీర ఎంతవరకు పెంచాలో లెక్కలు వేస్తుంటే, నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది. "నువ్వు బయటికి నడువు." "అవ్వా, నీకు మిషన్ తెల్వది..." "ఏది ఒత్తితే ఏమైతదో పదేండ్లు చూసిన. నడువు." నన్ను తోసి తలుపు వేసుకుంది.

అరుగు మీద నేనూ పెద్దవ్వా కూర్చున్నాం. అయ్యగారు చెప్పుల కోసం తిరిగొచ్చి, ఆయనా కూర్చున్నారు. లోపల టేపు కీచుమని వెనక్కి తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఆరేడుసార్లు. తర్వాత ఏ చప్పుడూ లేదు. నాకు నిజంగా భయమేసింది. అప్పుడు అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వస్తోంది, మధ్యలో చిన్నగా నవ్వు. మా అవ్వ అంతసేపు ఎడతెగకుండా మాట్లాడగా నేను పుట్టాక వినలేదు. లోపల ఒక్క మనిషే ఉందని మా ముగ్గురికీ తెలుసు. పెద్దవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ప్రార్థన చేసుకుంటున్నది, కదిలియ్యద్దు" అన్నారు అయ్యగారు, అంత నమ్మకంగా ఏమీ కాదు. ఎండ అరుగు దిగి వాకిలి సగం దాటేదాకా ఆ గొంతు ఆగలేదు. తర్వాత టక్కు. తలుపు తెరుచుకుంది.

పరుగున లోపలికి వెళ్లి, నేనూ వినాలని మొదటికి తిప్పి పెట్టాను. పెదవి తడుపుకోవడం లేదు. మస్కట్ ఫ్యాను లేదు. శుభ్రంగా, దగ్గరగా, మా అవ్వ గొంతు: "ఇగో, నేను మాట్లాడుతున్న." అవ్వ చటుక్కున మీట ఒత్తి ఆపేసింది.

ఎర్రమీటా నల్లమీటా కలిపి ఒత్తి, ఆ క్యాసెట్టు మీదే నింపింది. క్యాసెట్టు నెత్తిన చిన్న రెక్క ఉంటుంది, అది విరిచేస్తే దాని మీద ఇంకెవరూ నింపలేరు. మూడు పత్రికల్లో చదివాను. విరవలేదు. నా తప్పు నేను ఒప్పుకోవాలి గదా, ఒప్పుకోలేదు, అవ్వ మీద అరిచాను. బాపు గొంతు లోకంలో అదొక్కటే ఉండె గదా, చెరిపేసినవు, తెలుసా నీకు అని వాడకట్టంతా వినేలా అరిచాను. అవ్వ మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నది.

"నాకు తెల్వదా? జవాబు దాంట్లనే గద నింపుడు. ఇంక దేంట్ల నింపుతరు?" అంది. "ఆయన ఏమన్నడో ఎరుకేనా? 'నీ గొంతు ఇనక మూడేండ్లాయె. ఈసారి నువ్వు మాట్లాడు' అన్నడు. గంతే. పదకొండేండ్లు అడుగుకుంటనే ఉన్నడు నన్ను. ఇంక ఊకుంటనా?"

"మరి నాకు బాపు గొంతు వద్దా?" అన్నాను. అప్పటికి ఏడుపొచ్చేసింది.

"నీతోటి మస్తు మాట్లాడిండు గదరా, సదువుకో, కొట్లాడకు అనుకుంట. నాకు గదొక్కటే. ఇనుడు నాకు అయిపోయింది కొడుకా, చెప్పుడే మిగిలుండె."

సాయంత్రం అలిగి అన్నం తిననని కూర్చున్నాను. అవ్వ చాటలో బియ్యం చెరుగుతూ, నావైపు చూడకుండానే, "గని కొడుకా, నేను ఊ అన్నది మూడుసార్లే. ఆయన ఆఖరి మాట అన్నంక సుత ఒకటి ఇనబడ్డది. గది నాది కాదు" అంది. అలక మరిచిపోయాను. "బాపమ్మదేమో" అన్నాను. "మీ బాపమ్మ బతుకుల ఎవలకన్న ఊ అన్నదా?" అంది అవ్వ, నిజమే అనిపించింది. మరి ఎవరిదని అడిగితే, ఏమో అని మళ్లీ చెరగడంలో పడింది. సరిచూసుకుందామంటే టేపు మీద ఇప్పుడు అది లేదు. ఇన్నేళ్లలో నేను ఆ నాలుగో ఊ గురించి ఆలోచించని వారం లేదు.

ఆ ఇనప డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని మీద కొన్ని వేల పాటలు విన్నాను. అవ్వకు డెబ్బై దాటాయి. క్యాసెట్టు ఆమె బీరువాలోనే, చీరల మధ్య ఉంటుంది. ఆ మొదటి ముక్క తప్ప నేను వినలేదు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాడు. నా కథ విని ఉన్నాడు. ఇప్పుడు కంప్యూటర్లో పై గొంతును పక్కకు తీసి, అడుగున మిగిలిన గొంతును పైకి తేవచ్చట. "మీ బాపుగారి గొంతు ఎంతో కొంత ఉంటది సార్. ఇనుకుంట కూసుంటే పూట పని. మీరు జర క్యాసెట్టు ఇయ్యుండ్రి" అన్నాడు. నా ఒళ్లంతా చెవులయింది. బాపు గొంతు, ఆ గుసగుస, ఆ నాలుగో ఊ, అన్నీ ఒక వైరు దూరంలో ఉన్నాయి. కానీ వాటిని చేరాలంటే మా అవ్వ నవ్వుతూ చెప్పుకున్న ఆ పూటంతా ఈ కుర్రాడూ నేనూ కూర్చుని వినాలి. పక్క గదిలో అవ్వ చిక్కుడుకాయలు తుంచుతున్న చప్పుడు ఆగిపోయింది. ఇరవై మూడేళ్ల నేనైతే ఈపాటికి వైరు తగిలించి, వాడకట్టును కూడా పిలిచి ఉండేవాణ్ని. ఆ పిలగాణ్ని తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. కుర్రాడికి చాయ్ పోసి, "వద్దులే తమ్మీ. అది మా బాపుకు పంపిన క్యాసెట్టు" అన్నాను.